రెట్రో కెటిల్ కొనాలంటే: రంగు చూసేముందు మూత తీసి చూడండి

మూడేళ్ల క్రితం అమ్మ కోసం రెట్రో కెటిల్, అంటే పాతకాలపు రూపంలో చేసిన మీగడ రంగు కరెంటు కెటిల్ ఒకటి కొన్నాను. గుండ్రటి పొట్ట, తళతళలాడే పిడి, ముందువైపు పాత గడియారంలా ఒక ముల్లు. గట్టు మీద పెట్టగానే వంటింటికే కొత్త కళ వచ్చింది. ఇంటికి వచ్చినవాళ్లందరికీ అమ్మ దాన్ని చూపించింది. నాలుగో నెలలో మూతి మొదట్లో రంగు పెచ్చు లేచింది. తర్వాత నీళ్లు మరిగినా స్విచ్ పడటం మానేసింది. అమ్మ దాన్ని పై అరలో పెట్టేసి మళ్లీ గిన్నెలోనే నీళ్లు కాచుకోవడం మొదలుపెట్టింది. "చూడ్డానికి బాగానే ఉందే, నిండుగా ఉంటే మణికట్టు లాగేస్తోంది" అని అప్పుడు చెప్పింది. ఇన్నాళ్లూ నేను బాధపడతానని చెప్పలేదట.

రెండోసారి కొనేటప్పుడు తొందరపడలేదు. షాపుల్లో మూతలు తీసి చూశాను, నీళ్లు పోయించి వంచి చూశాను, అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదివాను. ఆ కెటిల్ ఇప్పుడు అమ్మ వంటింట్లో రోజూ నాలుగైదు సార్లు మరుగుతోంది. ఏ వరసలో చూస్తే పొరపాటు జరగదో అదే వరసలో చెబుతాను.

ముందు మీ వంటింటి గోడ చూడండి

షాపుకు బయల్దేరేముందే ఈ పని చేయండి. మన ఇళ్లలో ప్లగ్గులు రెండు రకాలు. చిన్నది 6 ఆంపియర్లది, పెద్దది 16 ఆంపియర్లది. పెద్దదాన్నే మనం పవర్ ప్లగ్ అంటాం. కెటిల్ ఎన్ని వాట్లో చూసి 230తో భాగిస్తే అది ఎన్ని ఆంపియర్లు లాగుతుందో తెలుస్తుంది. 1500 వాట్లది 6.5 ఆంపియర్లు లాగుతుంది. 2200 వాట్లదైతే తొమ్మిదిన్నర, 3000 వాట్లదైతే 13. అంటే 1500 వాట్ల కెటిల్ కూడా చిన్న ప్లగ్ హద్దు దాటేసినట్టే. కాబట్టి గట్టు దగ్గర పవర్ ప్లగ్ ఒకటి ఖాళీగా ఉండాలి. లేకపోతే కెటిల్ కంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలించి, అదే బాక్సుకి మిక్సీ కూడా పెట్టే పని మాత్రం చేయకండి. వాడిన తర్వాత ప్లగ్గు తల పట్టుకుంటే వేడిగా తగిలిందంటే ఆ సాకెట్ మార్చాలి.

ఎర్తింగ్ సంగతి ఇంకా ముఖ్యం. మూడు పిన్నుల్లో పైన ఉండే లావు పిన్ను దానికోసమే. పాత ఇళ్లలో గోడకు మూడో రంధ్రం ఉంటుంది కానీ వెనకాల తీగ ఉండదు. స్టీలు ఒళ్లు, లోపల నీళ్లు, మన తడి చేతులు. ఈ మూడూ కలిసే వస్తువుకి ఎర్తింగ్ లేకుండా కరెంటు ఇవ్వకూడదు. ఎలక్ట్రీషియన్ పది నిమిషాల్లో పరీక్షించి చెబుతాడు. వంటింటి బోర్డు ఇన్వర్టర్ లైన్ మీద ఉందేమో కూడా అప్పుడే అడగండి. ఫ్యాన్లకీ లైట్లకీ పెట్టుకున్న ఇన్వర్టర్ కెటిల్‌ను మోయలేదు.

వాట్లు పెరిగితే బిల్లు పెరుగుతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. లీటరు నీళ్లు మరగడానికి కావలసిన వేడి ఒకటే. 1500 వాట్లది సుమారు నాలుగు నిమిషాలు తీసుకుంటుంది, 2200 వాట్లది మూడు నిమిషాల లోపే ముగిస్తుంది. రెండింటికీ అయ్యేది దాదాపు యూనిట్‌లో పదో వంతు కరెంటు. మీ వైరింగ్ ఎంత మోయగలదో దాన్ని బట్టి వాట్లు ఎంచుకోండి, బిల్లును బట్టి వద్దు.

చివరగా ఒక టేపు తీసుకుని, కెటిల్ పెట్టాలనుకున్న చోటు నుంచి ప్లగ్గు దాకా కొలవండి. కెటిల్ తీగలు పొట్టిగా ఉంటాయి, చాలావాటికి మీటరు కూడా ఉండదు. తీగ వేలాడితే పిల్లలు లాగుతారని కావాలనే అలా ఇస్తారు. పైన చెక్క అర ఉన్నచోట పెట్టొద్దు, రోజూ తగిలే ఆవిరికి ప్లైవుడ్ ఉబ్బిపోతుంది. పొయ్యి పక్కనా వద్దు. పోపు చిటపటలన్నీ దానిమీదే పడతాయి.

దేనికోసం కొంటున్నారో తేల్చుకోండి

మన వాడకం వేరు. కెటిల్ పుట్టిన దేశాల్లో కప్పులో టీ సంచి వేసి నీళ్లు పోసుకుంటారు. మనకు టీ అంటే పాలు పోసి మరిగించాల్సిందే. అందుకే చాలామంది కెటిల్ తెచ్చిన రెండో రోజే అందులో పాలు పోస్తారు. దయచేసి పోయకండి. పాలు అడుగున అంటుకుని మాడతాయి, ఆ వాసన ఎన్నిసార్లు కడిగినా వదలదు. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. పాలు పొంగితే ఆ నురగ ఆవిరి వెళ్లే రంధ్రంలోకి దూరి స్విచ్ దగ్గర గడ్డకట్టుకుపోతుంది. టీ పొడి, చక్కెర, నూడుల్స్ సంగతీ అంతే. మామూలు కెటిల్ నీళ్లకు మాత్రమే.

మరి మన ఇంట్లో దాని ఉపయోగం ఏమిటంటే, నా లెక్కలో మొదటిది డికాషన్. ఫిల్టర్‌లో పొడి వేసి, పైన చిల్లుల బిళ్ల పెట్టి, మరిగే నీళ్లు సన్నటి ధారగా గుండ్రంగా తిప్పుతూ పోయాలి. ఒక్కసారిగా కుమ్మరిస్తే పొడి ఒక పక్కకు జరిగి, నీళ్లు బుసబుసా కిందికి దిగిపోతాయి. డికాషన్ పలచనైపోతుంది. మంచి మూతి ఉన్న కెటిల్ విలువ ఇక్కడ తెలుస్తుంది. ఇంకా పొద్దున్నే తాగే గోరువెచ్చని నీళ్లు, జలుబు చేసినప్పుడు ఆవిరి పట్టడానికి వేడినీళ్లు, ఉప్మాకు ఎసరు. ఉప్మా రవ్వ వేగుతుండగా పక్కన నీళ్లు సిద్ధంగా ఉంటే పని సగం అయిపోయినట్టే. పాలటీకి కూడా నీళ్లు కెటిల్‌లో కాచి గిన్నెలోకి వంచుకుంటే సమయం కలిసొస్తుంది.

దీన్ని బట్టి సైజు నిర్ణయించుకోండి. రెట్రో మోడళ్లలో ఎక్కువగా దొరికేది 1.7 లీటర్లది. ఇద్దరే ఉన్న ఇంటికి అది అనవసరం. కప్పు సుమారు 120 మిల్లీలీటర్లు అనుకుంటే రెండు కప్పులకు పావు లీటరు చాలు. కొన్ని పెద్ద కెటిళ్లలో కనీస గీత అర లీటరు దగ్గర ఉంటుంది. అంటే రెండు కప్పుల కోసం ప్రతిసారీ రెట్టింపు నీళ్లు కాచాలి. గరిష్ఠ గీత అందరూ చూస్తారు, మీరు కనీస గీత చూడండి. బరువు కూడా లెక్క వేయండి. ఇలాంటివి ఖాళీగానే కిలో దగ్గర తూగుతాయి. 1.7 లీటర్ల నీళ్లు పోస్తే దాదాపు మూడు కిలోలు. అది ఒంటి చేత్తో, వేడిగా, వంచి పట్టుకోవాల్సిన బరువు. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఒక లీటరుది తీసుకోండి. అమ్మకు రెండోసారి తెచ్చింది లీటరుదే.

మూత తీసి లోపలికి చూడండి

షాపులో అడుగుపెట్టగానే రంగు మన కళ్లను లాగేస్తుంది. దాన్ని కాసేపు పక్కన పెట్టి మూత తీయండి. ఫోన్ లైట్ వేసి లోపల చూడండి.

అడుగు నున్నగా, పళ్లెంలా ఉండాలి. వేడి చేసే చుట్ట నీళ్లలోకి బయటపడి కనిపిస్తుంటే వద్దు. మన బోరు నీళ్లకు ఆ చుట్ట చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, సందుల్లోకి చెయ్యి దూరదు. తర్వాత, లోపల ప్లాస్టిక్ ఎక్కడెక్కడ ఉందో చూడండి. బయట అంతా లోహంలా మెరిసే కెటిళ్లలో కూడా మూత లోపలి భాగం, నీటిమట్టం చూపే కిటికీ, మూతి దగ్గరి జల్లెడ ప్లాస్టిక్‌వి కావచ్చు. వీటిలో నాకు ఎక్కువ అనుమానం ఆ కిటికీ మీద. స్టీలునీ ప్లాస్టిక్‌నీ అతికించిన చోటే కొన్నాళ్లకు చెమ్మ ఊరుతుంది. కిటికీ లేని కెటిల్‌లో లోపల గీతలు స్పష్టంగా కనిపిస్తే నేను దానికే ఓటేస్తాను. నీళ్లెన్ని ఉన్నాయో చూడటానికి మూత తీయాల్సి వస్తుంది, అంతే కదా.

స్టీలు విషయంలో అడుగున గానీ పెట్టె మీద గానీ 304 అని ఉందేమో చూడండి. అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, తుప్పుకు బాగా తట్టుకుంటుంది. బేగంబజారులో గిన్నెలు కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూసే అలవాటు చాలామందికి ఉంది. కెటిల్ విషయంలో అది సగం పరీక్షే. అంటుకోలేదంటే మంచి స్టీలని చెప్పలేం, ఎందుకంటే నికెల్ తక్కువగా ఉండే 200 శ్రేణి స్టీలుకు కూడా అయస్కాంతం అంటుకోదు. రాతపూర్వకంగా 304 అని ఉండటమే నమ్మకం. ఐఎస్‌ఐ గుర్తు కూడా వెతకండి.

ఆఖరికి ముక్కు పెట్టి వాసన చూడండి. కొత్త వాసన కొంచెం ఉండటం మామూలే. కళ్లు మండేంత ప్లాస్టిక్ కంపు వస్తే ఎంత అందంగా ఉన్నా అక్కడే వదిలేయండి.

ఇంకో చిన్న పరీక్ష. మూత తీసి మీ పిడికిలి లోపలికి పోతుందేమో చూడండి. పాతకాలం ఆకారాల్లో నోరు ఇరుకుగా, పొట్ట వెడల్పుగా ఉంటుంది. చెయ్యి దూరకపోతే లోపల తుడవలేరు. నెలకోసారి ఉప్పు వదిలించుకోవాల్సిన ఊళ్లలో ఇది పెద్ద విషయమే.

ఆవిరి దారి ఎక్కడుందో కనిపెట్టండి

కెటిల్‌కు ప్రాణం ఇక్కడే ఉంది. నీళ్లు మరగగానే దానంతట అది ఎలా ఆగుతుందో చాలామందికి తెలియదు, తెలిస్తే కొనేటప్పుడు ఏం చూడాలో తెలిసిపోతుంది.

బిల్ రస్సెల్, పీటర్ హాబ్స్ అనే ఇద్దరు 1952లో ఇంగ్లండ్‌లో ఒక కంపెనీ పెట్టారు. 1955లో వాళ్లు తెచ్చిన కె1 అనే కెటిల్ మరిగాక దానంతట అదే ఆగేది. ఆవిరి ఒక సన్నని దారిలోంచి వెళ్లి రెండు లోహాలు అతికించిన చిన్న రేకును తాకుతుంది. రెండు లోహాలూ ఒకేలా వ్యాకోచించవు కాబట్టి రేకు వంగి, టక్కున స్విచ్‌ను తోసేస్తుంది. డెబ్బై ఏళ్లు దాటినా మన గట్టు మీద కెటిల్ ఆగేది అదే పద్ధతిలో. రెట్రో అని మనం ముచ్చటపడే రూపాల్లో చాలా వరకు ఆ 1950ల నాటివే. అంతకంటే వెనక్కి వెళ్తే 1909లో జర్మనీలో పీటర్ బెహ్రెన్స్ ఏఈజీ కంపెనీ కోసం గీసిన కెటిళ్లు ఉన్నాయి. ఎనిమిది పలకలవి, గుండ్రటివి, సుత్తితో కొట్టిన రాగి చెంబులా ఒళ్లంతా చిన్న చిన్న గుంటలున్నవి. ఇప్పుడు షాపుల్లో రాగి రంగులో, గుంటలు గుంటలుగా కనిపించే మోడళ్లను చూసినప్పుడల్లా నాకు అవే గుర్తొస్తాయి.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న కెటిల్ చూడండి. మూత పక్కన, పిడి వైపు లోపల ఒక చీలికో, చిన్న రంధ్రమో ఉంటుంది. ఆవిరి అందులోంచి పిడి లోపలికి దిగి స్విచ్‌ను చేరాలి. అందుకే మూత గట్టిగా కూర్చోవాలి. మూత వదులైతే ఆవిరి పైకి పోతుంది, రేకు వేడెక్కదు, కెటిల్ ఆగదు. అమ్మ మొదటి కెటిల్‌కు జరిగింది ఇదే. మూత చుట్టూ ఉన్న రబ్బరు సడలింది, నీళ్లు కళపెళా మరుగుతూనే ఉన్నాయి, ఆగలేదు. వారంటీ ఉందని కంపెనీకి ఫోన్ చేస్తే మూత విడిగా దొరకదన్నారు.

కాబట్టి షాపులో మూత పదిసార్లు వేసి తీసి చూడండి. ప్రతిసారీ ఒకేలా, గట్టిగా కూర్చోవాలి. మీట నొక్కితే లేచే మూత అయితే కీలు ఊగుతోందేమో చూడండి. చేత్తో లాగి తీసే మూత చూడ్డానికి పాతగా ఉన్నా ఎక్కువ కాలం మన్నుతుంది, ఎందుకంటే విరిగే కీలు అందులో లేదు. కానీ అది వంచినప్పుడు జారి కప్పులో పడకూడదు. మూత, జల్లెడ విడిగా దొరుకుతాయా అని అప్పుడే అడగండి.

నీళ్లు లేకుండా ఆన్ చేస్తే ఆగిపోయే రక్షణ ఉందా అన్నది రెండో ప్రశ్న. అది లేని కెటిల్ కొనొద్దు. ఇందులో నేను రాజీ పడను.

నీళ్లు పోయించి వంచి చూడండి

ఈ పరీక్షకు షాపువాళ్లు మొదట ఒప్పుకోరు. "డెమో పీస్‌లో చూపించండి" అని మర్యాదగా అడిగితే ఎక్కడో ఒకచోట ఒప్పుకుంటారు. నేను అడిగిన మూడో షాపులో ఆయన, "నీళ్లే కదా మేడం, రండి" అని వెనకాల సింకు దగ్గరికి తీసుకెళ్లాడు. రెండు కెటిళ్లు పక్కపక్కన పెట్టి, రెండింట్లోనూ సగం దాకా చల్లటి నీళ్లు పోశాం.

మొదటిది చూడ్డానికి రాణీలా ఉంది. మెల్లగా వంచాను. నీళ్లు మూతి పెదవి దాకా వచ్చి, కాసేపు ఆగి, ముందుకు పడకుండా పెదవి కిందకు తిరిగి పొట్ట మీదుగా జారాయి. ఇంకొంచెం వంచితే భళ్లున ఒకేసారి పడ్డాయి. మధ్యస్థంగా పోయడం దానివల్ల కాలేదు. వేడినీళ్లయితే ఆ జారినవి నా చేతి మీదికో గట్టు మీదికో వచ్చేవి. రెండోది అంత మెరుపు లేదు. పెదవి అంచు మాత్రం పదునుగా, కిందికి కాస్త వంగి ఉంది. వంచిన క్షణం నుంచి ధార వచ్చింది, నిలబెట్టిన క్షణం తెగింది. చివర ఒక్క చుక్క కూడా కిందికి కారలేదు. అమ్మకు కొన్నది ఆ రెండోదే.

మీరు కూడా మూడు విధాలుగా వంచి చూడండి. నిండుగా ఉన్నప్పుడు, సగం ఉన్నప్పుడు, అడుగున కప్పుడు మిగిలినప్పుడు. నిండుగా ఉన్నప్పుడు మూత సందుల్లోంచి కారకూడదు. చివరి కప్పు కోసం కెటిల్‌ను దాదాపు తలకిందులు చేయాల్సి రాకూడదు. వంచుతున్నప్పుడు మీ వేళ్ల కణుపులు ఒంటికి తగులుతున్నాయా అన్నది కూడా గమనించండి. మరిగాక ఆ ఒళ్లు నీళ్లంత వేడిగా ఉంటుంది.

హంస మెడలా సన్నగా పొడుగ్గా ఉండే కొమ్ము కెటిళ్లు కూడా రెట్రో వరసలో వస్తాయి. మన కొమ్ముచెంబుకు దూరపు చుట్టంలా ఉంటాయి. డికాషన్ ప్రియులకు అంతకు మించింది లేదు, ధార ఎక్కడ కావాలంటే అక్కడ పడుతుంది. కానీ ఒక బకెట్లో వేడినీళ్లు కలపడానికో ఎసరు పోయడానికో తీసుకుంటే విసుగొస్తుంది. కొమ్ము లోపల పట్టిన ఉప్పు తీయడం కూడా కష్టం. ఇంట్లో ఫిల్టర్ కాఫీ తప్ప ఇంకేమీ వద్దనుకునేవాళ్లకే ఇది.

ముల్లు ఉన్నది కావాలా?

ముందువైపు గుండ్రటి అద్దంలో వేడి చూపే ముల్లు, రెట్రో మోడళ్ల పెద్ద ఆకర్షణ. నాకూ అది ఇష్టమే. మెల్లగా పైకి లేస్తుంటే చూడ్డానికి హాయిగా ఉంటుంది. అయితే అది చాలావాటిలో చూపించడానికే, వేడిని ఆపడానికి కాదు. 80 దగ్గర ఆపాలంటే మీరే చూస్తూ స్విచ్ తీయాలి. గ్రీన్ టీ తాగేవాళ్లకు ఇది పనికొస్తుంది, మరిగిన నీళ్లు పోస్తే ఆ ఆకు చేదెక్కుతుంది, 75-80 డిగ్రీలు చాలు. మిగిలినవాళ్లకు ముల్లు కోసం ఎక్కువ డబ్బు పెట్టడం దండగ అనే చెబుతాను. కెటిల్‌కు ఇంకో రంధ్రం పెట్టి దాన్ని బిగిస్తారు కాబట్టి కారే చోటు కూడా ఒకటి పెరుగుతుంది.

హైదరాబాద్‌వాళ్లకు ఒక మాట. ముల్లు వందకు చేరలేదని కెటిల్ పాడైందనుకోకండి. మన నగరం సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది. అక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. విశాఖలో వంద దగ్గర మరిగే నీళ్లు అరకులో 97 దగ్గరే మరుగుతాయి.

ఇప్పుడు రంగు చూడండి

ఇంత చూశాక మిగిలినవాటిలోంచి నచ్చిన రంగు తీసుకోండి. ఇక్కడ నా అనుభవం రెండు ముక్కల్లో. మెరుపు లేని లేత రంగుల మీద పసుపు చేత్తో ముట్టుకుంటే మరక పడుతుంది, నూనె జిడ్డు పట్టి జిగురుగా మారుతుంది. నున్నగా మెరిసే రంగైతే తడి గుడ్డతో తుడిస్తే పోతుంది. రెండోది, వేలి గోరుతో మూతి మొదట్లో, పిడి బిగించిన చోట, అడుగు అంచున మెల్లగా గీకి చూడండి. రంగు పెచ్చులూడేది ఆ మూడు చోట్లనుంచే. ఆవిరీ, వేడీ, తడీ అక్కడే కలుస్తాయి.

రెండు పొరల గోడ ఉన్నది దొరికితే, ఇంట్లో చిన్నపిల్లలుంటే, కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి. బయట చెయ్యి కాలదు, నీళ్లు కూడా ఎక్కువసేపు వేడిగా ఉంటాయి. బరువు మాత్రం పెరుగుతుంది.

ధర సంగతి. మామూలు స్టీలు కెటిల్ వెయ్యి రూపాయల లోపే వస్తుంది. రెట్రో రూపానికి దానికి రెండు మూడు రెట్లు పెట్టాలి. ఇటలీ స్మెగ్ లాంటి పేరున్న కంపెనీలవి పది వేలు దాటిపోతాయి. నీళ్లు మరిగే తీరులో అంత తేడా ఏమీ ఉండదు. ఎక్కువ పెట్టేది రంగు పూత పనితనానికి, మూత అమరికకు, ఆ రూపానికి. రోజూ కంటికి కనిపించే వస్తువు మీద ముచ్చటపడి ఖర్చు పెట్టడం తప్పు కాదు, కానీ పైన చెప్పిన పరీక్షలు ఖరీదైనదానికి కూడా చేయండి.

విదేశాల నుంచి తెప్పించుకుంటుంటే

అమెరికాలో ఉన్న పిల్లలు వచ్చేటప్పుడు ముచ్చటైన కెటిల్ తెస్తామంటే వద్దని చెప్పండి. అక్కడ కరెంటు 120 వోల్టులు. ఆ కెటిల్‌ను మన 230 వోల్టులకు పెడితే లాగాల్సినదానికి మూడున్నర రెట్లకు పైగా కరెంటు శక్తి లాగి కాలిపోతుంది. ప్లగ్గు ఆకారం మార్చే ట్రావెల్ అడాప్టర్ వోల్టేజీని మార్చదు. ఇక్కడి నుంచి అక్కడికి తీసుకెళ్లినా లాభం లేదు. మన 1500 వాట్ల కెటిల్ అక్కడ 400 వాట్లతో పనిచేస్తుంది, లీటరు నీళ్లు కాగడానికి పావుగంట పట్టినా ఆశ్చర్యం లేదు.

ఇంగ్లండ్, దుబాయ్, ఖతర్, కువైట్ నుంచి వచ్చేవి వోల్టేజీ పరంగా సరిపోతాయి. కానీ చాలావాటికి 3000 వాట్లు ఉంటాయి, ప్లగ్గు చదరపు పిన్నులది. దాన్ని పది రూపాయల మల్టీప్లగ్‌లో దోపొద్దు. ఎలక్ట్రీషియన్ చేత మంచి 16 ఆంపియర్ల ప్లగ్గు వేయించి, పవర్ ప్లగ్‌లోనే పెట్టండి.

ఉప్పు నీళ్లతో బతకడం

బోరు నీళ్లు వాడితే కొన్ని వారాల్లోనే అడుగున తెల్లటి పొర కనిపిస్తుంది. కాల్షియం, మెగ్నీషియం లవణాలవి. ఒంటికి హాని లేదు కానీ, పొర మందమయ్యేకొద్దీ చప్పుడు పెరుగుతుంది, మరగడం ఆలస్యమవుతుంది. పచారీ కొట్లో నిమ్మ ఉప్పు అడగండి. సగం కెటిల్ నీళ్లలో ఒక పెద్ద చెంచాడు వేసి, కాచి, అరగంట వదిలేయండి. పొర దానంతట అదే ఊడుతుంది. పారబోసి, మంచినీళ్లతో రెండుసార్లు కాచి పారబోయండి. అడుగున గోధుమరంగు చుక్కలుంటే తుప్పని కంగారు పడకండి, చాలాసార్లు అవి కూడా దీంతోనే పోతాయి. పోకపోతేనే తుప్పు. స్టీలు పీచుతో రుద్దకండి. కెటిల్‌ను కుళాయి కింద పెట్టి కడగడం, నీళ్లలో ముంచడం అసలే వద్దు. బయట తడి మసిగుడ్డతో తుడిస్తే చాలు.

మరిగిస్తే క్రిములు చస్తాయి, లవణాలు పోవు. నల్గొండ, ప్రకాశం లాంటి ఫ్లోరైడ్ ఉన్న ప్రాంతాల్లో కెటిల్‌లో మరిగించినంత మాత్రాన ఆ నీళ్లు మంచివైపోవు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ ఫ్లోరైడ్ ఇంకాస్త చిక్కనవుతుంది కూడా. అక్కడ ముందు శుద్ధిచేసిన నీళ్లు తెచ్చుకుని, తర్వాతే కాచుకోవాలి.

ఇంటికి తెచ్చిన మొదటి రోజు

ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లకు షాపు పరీక్షలు కుదరవు కదా, వాళ్లు ఇవి తప్పకుండా చేయాలి. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, సొట్టలుంటే పనికొస్తుంది. గరిష్ఠ గీత దాకా నీళ్లు పోసి, కాచి, పారబోయండి. ఇలా మూడుసార్లు చేస్తే కొత్త వాసన పోతుంది. నాలుగోసారి కాచిన నీళ్లు గ్లాసులో చల్లార్చి తాగి చూడండి. రుచిలో ప్లాస్టిక్ తగిలితే వెనక్కి పంపేయండి.

తర్వాత గడియారం పెట్టుకుని అర లీటరు కాచండి. నీళ్లు కళపెళలాడిన అర నిమిషం లోపు స్విచ్ పడాలి. ఆ రాత్రి దాన్ని సగం నీళ్లతో ఒక పాత వార్తాపత్రిక మీద నిలబెట్టి పడుకోండి. పొద్దున్నే లేచి ఎత్తి చూడండి. కాగితం మీద తడి వలయం ఉంటే ఎక్కడో ఊరుతోందన్నమాట. ఇవాళ గోరంత ఉన్నా రేపు స్విచ్ లోపలికి వెళ్తుంది. ఆ కెటిల్ మీ ఇంట్లో ఉండకూడదు, రిటర్న్ గడువు దాటకముందే పంపేయండి. కాగితం పొడిగా ఉంటే బిల్లు మీద తేదీ సరిచూసుకుని, వారంటీ కార్డుతో కలిపి ఫైల్లో పెట్టండి. అట్టపెట్టె మాత్రం రిటర్న్ గడువు ముగిసే దాకా అటక మీద ఉంచండి.